నడక మొదలుపెట్టిన మూడో వారం కాలినొప్పి

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళు అన్నీ పొద్దుటినుంచి విన్నారు. భోజనాల వేళ దగ్గర పడింది, మాకు తెలుసు. ఆరోగ్యం అంటే చెప్పాల్సినవి చాలా ఉన్నా, ఈసారి ఒక్క సంగతే పట్టుకున్నాం. బరువు తగ్గుదామని నడక మొదలుపెట్టిన మనవాళ్ళు మూడో వారానికో నాలుగో వారానికో ఎందుకు మానేస్తున్నారు అన్నది ఆ సంగతి.

ఇళ్ళల్లో అడిగితే "బద్ధకం, రెండ్రోజుల ముచ్చట" అంటారు. గ్రామ సంఘం మీటింగుల్లో మేము ఆడవాళ్ళనే అడిగాం. ఎక్కువమంది చెప్పింది వేరు. "మోకాలి కింద ముందు ఎముక పొడవునా సలుపండీ. నడక మొదలుపెట్టగానే పట్టేస్తుంది. రాత్రి మెట్లెక్కాలన్నా కష్టంగా ఉంటుంది" అన్నారు. కొందరు దీన్ని కీళ్ళవాతం అనుకున్నారు. కొందరు వయసు మీద పడింది, ఇక మనకి నడక పడదు అని తీర్మానం చేసేసుకున్నారు. నలభై రెండేళ్ళ ఆమె కూడా అదే మాట అన్నది.

ముందు నడక ఎందుకు మొదలైందో చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద అది 24. ఈ లెక్క పట్నం వాళ్ళదే అనుకోకండి. నాట్లకి యంత్రం వచ్చింది, కోతకి యంత్రం వచ్చింది. మనలో చాలామంది కుట్టు మిషన్ ముందు, కిరాణా కొట్టులో, పుస్తకాలు రాసే బల్ల దగ్గర కూర్చునే పనిలోకి మారాం. కంచంలో అన్నం మాత్రం నాట్లు వేసిన రోజుల్లో ఎంత ఉందో అంతే ఉంది. షుగర్, బీపీ మందులకి నెలనెలా పోయే డబ్బు మన పొదుపుకన్నా ఎక్కువైన ఇళ్ళున్నాయి. అందుకే డాక్టరు గారు నడవమన్నారు, మనవాళ్ళు నడిచారు. అది మంచి పనే. నొప్పి వచ్చిందని ఆ పని చెడ్డదైపోదు.

ఇప్పుడు నొప్పి సంగతి. డాక్టర్లు దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు చేతికి గట్టిగా తగిలే ఎముక ఉంది కదా, దాని లోపలి అంచు వెంబడి, ముఖ్యంగా కింది సగంలో వచ్చే నొప్పి. ఆ ఎముకను పట్టుకుని ఉండే కండరాలూ, ఎముక మీదున్న పల్చని పొరా, ఎముకా కూడా అలవాటు లేని పని ఒక్కసారి మీద పడేసరికి రేగి నొప్పెడతాయి. పరుగు పందేలవాళ్ళకీ, కొత్తగా చేరిన పోలీసు, మిలిటరీ కుర్రాళ్ళకీ మామూలుగా వచ్చేదే. కాబట్టి ఇది ముసలితనం నొప్పి కాదమ్మా, కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాళ్ళ నొప్పి.

కాలి మీద పడే పనెంతో మనకి తెలిసిన లెక్కలోనే చూద్దాం. వడ్ల బస్తా 75 కిలోలు. 75 కిలోల మనిషి చురుగ్గా అరగంట నడిస్తే సుమారు 3,000 అడుగులు పడతాయి. ఒక్కో కాలికి 1,500. అంటే అరగంటలో ఒక్కో కాలి మీద 1,500 సార్లు బస్తా దింపినట్టు. పరుగెడితే ప్రతి అడుగుకీ రెండు మూడు బస్తాలు. ఏళ్ళ తరబడి ఇంటి చుట్టూ తిరగడమే తప్ప ఎరగని కాలికి మొదటి రోజే ఇంత బరువు మోయమంటే అది మొరాయించదా?

ఇంకొకటి ఉంది. గుండె, ఊపిరి త్వరగా అలవాటు పడతాయి. వారం పది రోజులకే ఆయాసం తగ్గుతుంది, "ఇంకా నడవగలను" అనిపిస్తుంది, దూరం పెంచేస్తాం. ఎముక అంత త్వరగా సర్దుకోదు. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని కొంత తొలిచేసి, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. మధ్యలో కొన్ని వారాలు అది కాస్త బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం జోరు పెంచుతాం. మూడో వారంలో నొప్పి రావడానికి కారణం చాలావరకు ఇదే. బ్యాంకువాళ్ళు కొత్త సంఘానికి మొదటి డోసులోనే ఐదు లక్షలు ఎందుకివ్వరో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాలికీ మొదటి డోసు చిన్నదే ఉండాలి.

"మేం పొలంలో పొద్దస్తమానం కాళ్ళ మీదే ఉంటాం, మాకెందుకొచ్చింది" అని ఒక గ్రామ సంఘంలో గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. పొలంలో అడుగు పడేది మెత్తటి నేల మీద. వంగుతాం, నిలబడతాం, కూర్చుంటాం, ఒకే రకం అడుగు వేలసార్లు పడదు. పొద్దున్నే సీసీ రోడ్డు మీద నడక అలా కాదు. నేల సిమెంటు, అడుగు ఒకటే రకం, వేగం రోజువారీ కన్నా ఎక్కువ. దానికి తోడు కాళ్ళకి హవాయి చెప్పులు. ఆ చెప్పు జారకుండా ప్రతి అడుగుకీ కాలివేళ్ళతో పట్టి ఉంచుతాం. ఆ పట్టు పెట్టే కండరాల పైకొసలు ఉండేది మోకాలి కిందనే. చెప్పు అరిగి ఒకవైపు వాలిపోతే ఇంకా కష్టం.

బూట్ల మాట ఇక్కడే చెప్పేస్తాం. చీర మీద బూట్లేమిటని నవ్వుతారని మనవాళ్ళు వెనకాడుతున్నారు. ఒక ఊళ్ళో నలుగురు కలిసి ఒకే రోజు బూట్లు వేసుకుని బయల్దేరారు. మొదటి వారం అరుగుల మీదున్నవాళ్ళు నవ్వారు, రెండో వారానికి నవ్వడం విసుగొచ్చి మానేశారు. ఖరీదైన కంపెనీవి అక్కర్లేదు. మడమ వెనక గట్టిగా పట్టి ఉండాలి, అడుగు మెత్తగా ఉండాలి, ముందు బొటనవేలికి కాస్త జాగా మిగలాలి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు బూటు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయీ ముల్లూ లేవని చూసుకోవాలి, విప్పాక పాదం చూసుకోవాలి. వాళ్ళు ఉత్తకాళ్ళతో అసలు నడవకూడదు.

నొప్పి వచ్చేసింది, ఏం చేయాలి? ముందు జోరు నడక ఆపాలి. ఆపమంటే మంచం ఎక్కమని కాదు. ఇంట్లో మామూలుగా తిరగొచ్చు, పని చేసుకోవచ్చు. చురుకు నడక, పరుగు, గెంతడం మాత్రం రెండు వారాల దాకా వద్దు. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఐసు ముక్కలు కవర్లో వేసి, తువ్వాల్లో చుట్టి నొప్పి ఉన్నచోట పావుగంట పెట్టండి, రోజుకి మూడు నాలుగు సార్లు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తెలియనివాళ్ళు ఐసూ పెట్టకూడదు, ఇసుక కాపడమూ పెట్టకూడదు. కాలినా తెలియదు కాబట్టి. వావిలాకు నీళ్ళ స్నానం హాయినిస్తుంది, దాన్ని కాదనం. కానీ నొప్పి ఉన్న ఎముక మీద నూనె రాసి బలంగా ఒత్తి మర్దన చేయించడం, నాటు కట్టు వేయించడం మాత్రం వద్దని మా మాట.

ఇంజెక్షన్ గురించి కాస్త కటువుగానే చెప్పాలి. కాలు నొప్పంటే సూది వేయించుకుని మర్నాడు మళ్ళీ నడకకి వెళ్ళడం మన ఊళ్ళల్లో మామూలైపోయింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు బీపీ ఉన్నవాళ్ళకి బీపీని పెంచుతాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళ కిడ్నీల మీద దెబ్బ పడే ప్రమాదం ఉంది. మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావవి. అంతకన్నా ముఖ్యం, నొప్పి ఆగుతుంది గానీ ఎముకకి కావలసిన విశ్రాంతి దొరకదు.

మన సభ్యురాలు ఒకామె, పేరు చెప్పకుండా చెప్పండి అని ఒప్పుకుంది. పెళ్ళిలోపు పది కిలోలు తగ్గాలని నడక మొదలుపెట్టింది. పెళ్ళి ఆమె కూతురిదే. నొప్పి వచ్చింది, సూది వేయించుకుంది, నడిచింది. మళ్ళీ సూది, మళ్ళీ నడక. రెండు నెలలకి ఒకరోజు అడుగు పెట్టలేకపోయింది. ఎముకకి సన్నటి పగులు వచ్చిందని పెద్దాసుపత్రిలో తేల్చారు. రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. నాట్ల రోజులు. కూలి పోయింది, రెండు కంతులు సంఘం సర్దింది, పెళ్ళిపనులు చెల్లెలు చేసింది. ఇప్పుడు బాగానే ఉంది, ఈ హాల్లోనే ఉంది. కానీ రెండు వారాల విశ్రాంతితో పోయే నొప్పి రెండు నెలలు మంచాన పడేసింది.

అందుకే మామూలు నొప్పికీ పగులుకీ తేడా ప్రతి సభ్యురాలికీ తెలియాలి. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎముక లోపలి అంచు వెంబడి పైనుంచి కిందికి వేలితో మెల్లగా ఒత్తుకుంటూ రండి. జానెడో, నాలుగు వేళ్ళ మేరో పొడవునా నొప్పి ఉంటే చాలావరకు మామూలుదే. అలా కాకుండా ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంటే అనుమానించాలి. కూర్చున్నా, రాత్రి పడుకున్నా సలుపు ఆగకపోయినా అంతే. అలాంటప్పుడు ఒంటికాలి మీద గెంతి చూడడం లాంటివి చేయకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఎక్స్‌రేలో మొదటి రెండు మూడు వారాలు పగులు కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారు" అని నొప్పితో నడిచెయ్యకుండా, తగ్గకపోతే మళ్ళీ చూపించుకోండి.

ఈ పగులు భయం ఎవరికి ఎక్కువంటే, ముట్లుడిగినవాళ్ళకి. అంతకన్నా ముఖ్యంగా చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్ళకి. ఎముకకి బలమిచ్చే హార్మోను ఒక్కసారిగా ఆగిపోతుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. మన సంఘాల్లో ముప్పైల్లోనే ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. మీరు నడవొద్దని కాదు. మీకు నడక ఇంకా అవసరం, ఎముక బలపడేది బరువు పడితేనే. కాకపోతే మీ మొదటి డోసు అందరికన్నా చిన్నదిగా ఉండాలి, ఆపరేషన్ సంగతి డాక్టరు గారికి ముందే చెప్పాలి, కాల్షియం, విటమిన్ డి గురించి అడగాలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన బియ్యంలో ఆ లెక్క లేనట్టే.

ఇంకో రెండు గుర్తులు. ఒక్క కాలు పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది నరంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, దాన్ని మర్దన చేయకూడదు. నడుస్తుంటే కాలు బిగుసుకుపోయి పాదం మొద్దుబారి, ఆగగానే సర్దుకుంటుంటే అదీ వేరే జబ్బు, డాక్టరు గారికి చూపించాల్సిందే. ఏఎన్ఎం గారికో ఆశా కార్యకర్తకో చెప్పండి, వాళ్ళు పీహెచ్‌సీకి తీసుకెళ్తారు.

నడక ఆపితే తగ్గిన బరువు తిరిగొచ్చేస్తుందన్న బెంగతోనే చాలామంది నొప్పితో నడుస్తున్నారు. ఆ బెంగ అక్కర్లేదు. మాట్లాడుకుంటే నిష్ఠూరంగా ఉంటుంది గానీ, బరువు తగ్గేది రోడ్డు మీదకన్నా కంచంలోనే ఎక్కువ. అరగంట నడిస్తే ఖర్చయ్యే శక్తి రెండు మూడు ఇడ్లీలకు మించదు. నడిచొచ్చి రెండు గారెలు తింటే లెక్క సరి. కాబట్టి కాలికి విశ్రాంతి ఇచ్చిన రెండు వారాలూ కంచం మీద పని చేయండి. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ జాగాలో కూరో పప్పో పెట్టుకోండి. టీలో చక్కెర తగ్గించండి. పిల్లలు వదిలేసింది పారేయలేక మనం తినేస్తామే, అది మానండి. రాత్రి సీరియల్ అయ్యాక కాకుండా పెందలాడే తినండి. వారానికి అరకిలో తగ్గితే చాలు. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా షుగర్, బీపీల్లో మేలు కనిపిస్తుంది. వారంలో ఐదు కిలోలు తగ్గిస్తామని పొడి డబ్బాలు అమ్మేవాళ్ళు మన సంఘాల ఫోన్ గ్రూపుల్లోకీ వచ్చారు. సంఘం అప్పు తీసి ఆ డబ్బాలు కొన్నవాళ్ళున్నారు. ఆ ఖర్చుతో ఇంటిల్లిపాదికీ నెలంతా కూరగాయలొస్తాయి.

ఇంట్లో అమ్మాయి సైకిలుంటే, తొక్కడం వస్తే, ఈ రెండు వారాలూ అది తొక్కొచ్చు. కాలి మీద దెబ్బ పడదు.

తిరిగి మొదలుపెట్టడం ఎలాగంటే, ఇంటిపనిలో, మెట్ల మీద నాలుగైదు రోజులు వరుసగా నొప్పి లేదని తేలాక బయల్దేరండి. మొదటి వారం రోజు విడిచి రోజు, పది నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా. కాలవ గట్టు మీదో, బడి మైదానంలోనో, మట్టి మీద. ఆపైన వారానికి రెండు మూడు నిమిషాలకన్నా పెంచొద్దు. దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు. నొప్పి మళ్ళీ తలెత్తితే వెనకటి వారం లెక్కకి వెళ్ళిపోండి, అంతే. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది గానీ, అది మొదటి వారంలోనే చేరమని చెప్పలేదు. మూడు నాలుగు నెలలు పట్టనీయండి.

నడకకి ముందూ వెనకా రెండు పనులు చేయండి. గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకి ఆనించి అరనిమిషం ఉండండి. పిక్క లాగినట్టుండాలి, నొప్పి పుట్టకూడదు. రెండో కాలికీ అంతే. తర్వాత గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దింపండి, పదిసార్లు. కూర్చున్నప్పుడు మడమ నేల మీదే ఉంచి పాదం ముందు భాగం పైకీ కిందికీ ఆడించండి. టీవీ ముందు, మీటింగులో, ఇప్పుడు మేం మాట్లాడుతున్నంతసేపూ కూడా చేయొచ్చు. వెనక వరసలో కొందరు అప్పుడే మొదలుపెట్టారు, సంతోషం.

చివరగా గ్రామ సంఘాలకి మా విన్నపాలు మూడు. బడి మైదానం పొద్దున్న ఆరింటి దాకా ఆడవాళ్ళ నడకకి ఇమ్మని హెడ్మాస్టరు గారికి, పంచాయతీకి తీర్మానం రాసి ఇవ్వండి. కాలవ గట్టు మీద లైట్లు లేని ఊళ్ళు, కుక్కల బెడద ఉన్న ఊళ్ళు ఆ సంగతి కూడా అందులోనే రాయండి. చీకట్లో గట్టు మీద నడవలేకే చాలామంది సిమెంటు రోడ్డెక్కుతున్నారు. రెండోది, వచ్చే నెల సమావేశంలో వీఓఏలు అజెండాలో ఒక పది నిమిషాలు ఉంచితే, వేలితో ఒత్తి చూసుకునే పద్ధతి మేం వచ్చి ప్రతి ఒక్కరిచేతా చేయిస్తాం. మూడోది, నడక మానేసిన సభ్యురాలెవరైనా ఉంటే ఆమె పేరు పక్కన "రాలేదు" అని రాసి వదిలేయకండి. ఇంటికెళ్ళి, కాలు ఎక్కడ నొప్పో చూపించమని అడగండి. ఒక్కచోటే నొప్పి అన్నవాళ్ళ పేర్లు మాకు ఫోనులో చెప్పండి, ఆశా కార్యకర్తతో కలిసి మేం ఆసుపత్రికి తోడు వెళ్తాం.